పల్లె ఓటు, పట్నం ఓటు... తూకం ఒక్కటేనా?

నంద్యాల, ఆళ్లగడ్డ: కేసీ కాలువ నీటితో పండే పొలాలు రెండు నియోజకవర్గాలకూ ఉన్నాయి. కుందూ నది పొంగితే రెండింటికీ నష్టమే. నల్లమల గాలి రెండు చోట్లా వీస్తుంది. అయినా శాసనసభ ఎన్నికల పటంలో నంద్యాల, ఆళ్లగడ్డ నియోజకవర్గాలు ఒకదానికొకటి పోలిక లేనివి. నంద్యాల నియోజకవర్గమంటే నంద్యాల, గోస్పాడు మండలాలే. ఆళ్లగడ్డ నియోజకవర్గంలో ఆళ్లగడ్డ, శిరివెళ్ల, రుద్రవరం, చాగలమర్రి, ఉయ్యాలవాడ, దొర్నిపాడు అనే ఆరు మండలాలున్నాయి. అక్కడా ఒక్కరే ఎమ్మెల్యే, ఇక్కడా ఒక్కరే. రెండు మండలాలకు ఒకరు, ఆరు మండలాలకు ఒకరు ఏమి న్యాయమని పల్లెల్లో అడుగుతుంటారు. లక్షల మంది ఉన్న పట్టణానికీ ఒక్క సీటేనా అని నంద్యాలవాసులు అడుగుతుంటారు. దేశవ్యాప్త జనగణన, ఆ వెనుకే నియోజకవర్గాల పునర్విభజన రానున్న తరుణంలో ఈ రెండు ప్రశ్నలకూ ప్రాధాన్యం పెరిగింది.

లెక్క మనుషులదే

మండలాల సంఖ్యను, గ్రామాల సంఖ్యను, ఎకరాలను చూసి నియోజకవర్గాలను విభజించరు. రాజ్యాంగంలోని 170వ అధికరణం ప్రకారం రాష్ట్రంలోని ప్రతి శాసనసభ స్థానానికీ జనాభా సాధ్యమైనంతవరకు సమానంగా ఉండాలి. ఓటర్లను కాక చంటిబిడ్డలతో సహా మొత్తం జనాభాను లెక్కలోకి తీసుకోవడం గమనార్హం.

ఇప్పుడున్న సరిహద్దులను 2002 నాటి పునర్విభజన చట్టం కింద, సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ గీసింది. 2008లో అవి అమల్లోకి వచ్చాయి. 2009 ఎన్నికలు వాటి ప్రకారమే జరిగాయి. ఆ విభజనకు ఆధారం 2001 జనాభా లెక్కలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7 కోట్ల 62 లక్షలు, శాసనసభ స్థానాలు 294. భాగిస్తే ఒక్కో స్థానానికి సగటున 2 లక్షల 59 వేల మంది. ఉమ్మడి కర్నూలు జిల్లా జనాభా 35 లక్షల 29 వేలు. ఈ సగటుతో భాగిస్తే 13.6 వస్తుంది. అందుకే జిల్లాలో 13గా ఉన్న స్థానాలు 14 అయ్యాయి. కోవెలకుంట్ల, ఆత్మకూరు పేర్లు పటం నుంచి తొలగి బనగానపల్లె, శ్రీశైలం, మంత్రాలయం కొత్తగా చేరాయి.

ఆరు మండలాల ఆళ్లగడ్డ, రెండు మండలాల నంద్యాల ఒకే కొలతలో పడడానికి కారణం ఇదే. నంద్యాల పట్టణంలోనే 2011 నాటికి 2,00,516 మంది ఉన్నారు. అంత జనాన్ని ఆళ్లగడ్డ వైపు పోగు చేయాలంటే అహోబిలం అడవి అంచు నుంచి కుందూ ఒడ్డు వరకు ఊరూరా తిరగాలి. కాబట్టి మండలాల లెక్కన పల్లెకు అన్యాయం జరిగిందనే వాదన నిలవదు. అయితే ఎమ్మెల్యేను కలవాలంటే నంద్యాలవాసి ఆటో ఎక్కితే చాలు. రైలు సౌకర్యం లేని ఆళ్లగడ్డ నియోజకవర్గంలో మారుమూల ఊరి రైతు రెండు బస్సులు మారాలి. సమాన జనాభా సూత్రం ఈ దూరాన్ని లెక్కించదు. పునర్విభజన చట్టంలోని 9వ సెక్షన్ భౌగోళిక పరిస్థితులు, పరిపాలనా సరిహద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలును పరిగణనలోకి తీసుకోవాలని చెబుతున్నా, జనాభా కొలత తర్వాతే వాటి వంతు.

పాతికేళ్లు కాదు, యాభై ఏళ్లు

ప్రతి జనగణన తర్వాతా సీట్లను సరిచూడాలన్నది రాజ్యాంగకర్తల ఉద్దేశం. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో వచ్చిన 42వ సవరణ ఆ పద్ధతికి అడ్డుకట్ట వేసింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు సీట్లు కోల్పోరాదన్న కారణంతో 1971 లెక్కలనే 2000 తర్వాతి మొదటి జనగణన వరకు ఖాయం చేశారు. గడువు తీరేనాటికి 2001లో 84వ సవరణ వచ్చింది. రాష్ట్రాల మధ్య సీట్ల పంపకాన్ని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వరకు కదపరాదని నిర్ణయించారు. రాష్ట్రం లోపల సరిహద్దులను మాత్రం సవరించుకోవచ్చన్నారు. 2003లో 87వ సవరణ ద్వారా ఇందుకు 2001 లెక్కలను వాడుకునే వీలు కల్పించారు.

ఈ స్తంభన వల్ల నష్టపోయింది ఎక్కువగా పట్టణ ఓటరే. 1971 నుంచి 2001 వరకు నగరాలు ఊహకందని రీతిలో పెరిగినా పటంపై గీతలు కదలలేదు. హైదరాబాద్ చుట్టూ లక్షలాది మంది చేరినా వారి ఎమ్మెల్యేల సంఖ్య పెరగలేదు. 2008లో ఆ బాకీ ఒక్కసారిగా తీర్చవలసి వచ్చింది. రంగారెడ్డి జిల్లాకే 14 స్థానాలు దక్కాయి. మొత్తం 294 మారలేదు కనుక ఆ సీట్లు మరెక్కడో తగ్గాలి. ఆళ్లగడ్డకు పొరుగునున్న కడప జిల్లాలో 11 స్థానాలు పదికి తగ్గి, లక్కిరెడ్డిపల్లె అనే పల్లె నియోజకవర్గమే మాయమైంది. కర్నూలు జిల్లాకు ఒకటి పెరగడం అదృష్టమనే చెప్పాలి.

గీతలు గీసిన కొన్నేళ్లకే తేడాలు మళ్లీ మొదలయ్యాయి. తెలంగాణలో 2023 శాసనసభ ఎన్నికల నాటికి శేరిలింగంపల్లిలో ఓటర్లు ఏడు లక్షలు దాటగా, గిరిజన ప్రాంతమైన భద్రాచలంలో లక్షన్నరకు లోపే ఉన్నారు. అంటే భద్రాచలం ఓటు శేరిలింగంపల్లి ఓటుకు దాదాపు ఐదింతల బరువు తూగింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మల్కాజ్‌గిరి ఓటర్లు సుమారు 37.8 లక్షలు. అందులో సగం మందితో నంద్యాల లోక్‌సభ నియోజకవర్గం ఏర్పడుతుంది.

ఇతర దేశాల్లోనూ ఈ తగవు ఉంది. అమెరికాలోని అలబామా రాష్ట్రం అరవై ఏళ్లపాటు సీట్లను సవరించకపోవడంతో ఎగువ సభలో ఒక స్థానానికీ మరో స్థానానికీ జనాభాలో 41 రెట్ల తేడా వచ్చింది. 1964లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేస్తూ, చట్టసభ సభ్యులు ప్రాతినిధ్యం వహించేది ప్రజలకే తప్ప భూములకు కాదని స్పష్టం చేసింది. జపాన్‌లో పల్లె ఓటు బరువు పట్టణ ఓటుకు దాదాపు ఐదింతలుగా ఉన్న 1972 ఎన్నికల సీట్ల పంపకం రాజ్యాంగ విరుద్ధమని 1976లో ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పునిచ్చింది. అయినా ఎన్నికను రద్దు చేయలేదు.

సీట్ల లెక్క సరే, వినేదెవరు?

ఉమ్మడి కర్నూలు జిల్లాలో పట్టణ జనాభా 2001లో సుమారు 23 శాతం, 2011లో 28 శాతం. ఈ లెక్కన 14 స్థానాల్లో పట్టణాల వాటా మూడు నుంచి నాలుగు. కర్నూలు పూర్తిగా నగర స్థానం. ఆదోని, నంద్యాలలో పట్టణ జనాభాదే పైచేయి. పాణ్యంలో కర్నూలు నగర శివార్లు కలిశాయి. ఇవి నాలుగు. మిగిలిన పది స్థానాల్లో పల్లె ఓటే నిర్ణేత. కాగితం మీద ఇంత సరిగ్గా కుదిరిన పంపకం అరుదే. అయితే చిక్కంతా ఈ సీట్ల లోపల, పట్టణాన్నీ పల్లెనూ ఒకే గీత లోపల ఇమిడ్చిన చోట ఉంది.

నంద్యాల నియోజకవర్గంలో సగానికి పైగా జనం పట్టణంలోనే ఉన్నారు. పట్టణం గెలిపిస్తే గోస్పాడు మండలం వ్యతిరేకించినా అభ్యర్థికి ఢోకా ఉండదు. అలాంటి చోట హామీల జాబితాలో రోడ్ల విస్తరణ, తాగునీరు, పేదల ఇళ్లు ముందు వరుసలో ఉంటాయి. పొలాల దారులు, పంట కాలువ పూడికతీత, మినుము కొనుగోలు వెనుక వరుసకు పోతాయి. భూమా నాగిరెడ్డి మృతితో 2017 ఆగస్టు 23న జరిగిన ఉప ఎన్నికలో ఇది తేటతెల్లమైంది. రాష్ట్రమంతా నంద్యాల వైపు చూసిన ఆ ఎన్నికలో పట్టణ రోడ్ల విస్తరణ, ఇళ్ల నిర్మాణమే ప్రధాన చర్చ. తెలుగుదేశం అభ్యర్థి భూమా బ్రహ్మానందరెడ్డి 27,466 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. కుందూ నీటి మాట కూడా వినిపించకపోలేదు కానీ, అది ఊళ్లలోనే వినిపించింది.

పట్టణ అవసరం, పల్లె అవసరం ఒకే భూమి మీద ఢీకొన్న ఉదంతమూ నంద్యాలలో ఉంది. శతాబ్దానికి పైగా చరిత్ర ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం భూముల్లో 50 ఎకరాలను ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇవ్వాలని నిర్ణయించినప్పుడు రైతులు అభ్యంతరం చెప్పి హైకోర్టును ఆశ్రయించారు. పత్తి, జొన్న, శనగ విత్తనాలకు ఆధారమైన నేల పోతే ఎలాగన్నది వారి ఆవేదన. 2023 సెప్టెంబరులో నంద్యాల వైద్య కళాశాల ప్రారంభమైంది. పెద్దాసుపత్రి వల్ల మేలు పట్టణానికే పరిమితం కాదు. పురుగుమందు తాగిన రైతును, కాన్పు కష్టమైన పల్లె ఇల్లాలిని తీసుకొచ్చేదీ అక్కడికే. కాబట్టి దీన్ని పట్టణం గెలుపు, పల్లె ఓటమిగా చూడడం తొందరపాటు అవుతుంది. కానీ భూమి ఎక్కడిదన్న నిర్ణయంలో రైతు మాట ఎన్నికల బలంతో రాలేదు, కోర్టు కాగితంతో వచ్చింది.

ఆళ్లగడ్డలో పరిస్థితి తలకిందులు. శిల్పుల ఉలి చప్పుళ్లకు పేరొందిన ఆ పట్టణం నంద్యాలతో పోలిస్తే చాలా చిన్నది. పట్టణం ఒక్కటే ఎవరినీ గెలిపించలేదు. చాగలమర్రి, రుద్రవరం, శిరివెళ్ల ఊళ్లు తిరగనిదే అక్కడ రాజకీయం లేదు. అందుచేత మురుగుకాలువ, చెత్త సేకరణ వంటి మున్సిపల్ సమస్యలు అక్కడి ఎన్నికల్లో పెద్దగా ఎక్కవు. ఎక్కడ ఎవరు తక్కువో అక్కడ వారి గొంతు చిన్నదవుతుంది.

అన్నింటికన్నా విచిత్రం పాణ్యం. ఆ ఊరు నంద్యాలకు కూతవేటు దూరంలో ఉంది. నియోజకవర్గంలో పాణ్యం, గడివేముల, ఓర్వకల్లు, కల్లూరు మండలాలున్నాయి. కల్లూరులో కర్నూలు నగరపాలక సంస్థ వార్డులు కలిసి ఉన్నాయి. ఊరి పేరు పాణ్యానిది, ఓట్ల బలం కర్నూలు శివారు కాలనీలది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక ముడి మరింత బిగిసింది. పాణ్యం, గడివేముల నంద్యాల జిల్లాలోకి రాగా, కల్లూరు, ఓర్వకల్లు కర్నూలు జిల్లాలోనే నిలిచాయి. ఎమ్మెల్యే ఒక్కరు, కలెక్టర్లు ఇద్దరు. గడివేముల రైతు అర్జీ పట్టుకుని నంద్యాల కలెక్టరేట్‌కు వెళ్తే, తమ ఎమ్మెల్యే రాజకీయ బలగం కర్నూలు కాలనీల్లో ఉంటుంది.

మండలిలో తూకం మరోలా

పల్లె ఓటుకు బరువు ఎక్కువున్న చోటు కూడా ఒకటి ఉంది. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మూడు నుంచి నాలుగు వేల జనాభాకు ఒక ఎంపీటీసీ స్థానం ఏర్పడుతుంది. నంద్యాల పురపాలక సంఘంలో 2021 ఎన్నికల నాటికి వార్డులు 42. అంటే 2011 జనాభా ప్రకారం ఒక్కో కౌన్సిలర్‌కు సగటున 4,770 మంది. స్థానిక సంస్థల కోటాలో శాసనమండలి సభ్యుని ఎన్నుకునేటప్పుడు ఎంపీటీసీకీ ఒకే ఓటు, కౌన్సిలర్‌కూ ఒకే ఓటు. ఇక్కడ నంద్యాల పట్టణవాసి వెనుకబడ్డాడు. జడ్పీటీసీ లెక్క మరీ వేరు. మండలం పెద్దదైనా చిన్నదైనా ఒక్కరే. దొర్నిపాడు వంటి చిన్న మండలం జిల్లా పరిషత్‌లో పెద్ద మండలాలతో సమానంగా కూర్చుంటుంది. ఇక పట్టభద్రుల, ఉపాధ్యాయుల స్థానాల్లో తూకం సహజంగానే కళాశాలలున్న పట్టణాల వైపు మొగ్గుతుంది.

నంద్యాల ఒక్కటే ఒక సీటైతే...

రాష్ట్ర విభజన చట్టంలోని 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానాలను 175 నుంచి 225కు, తెలంగాణ స్థానాలను 119 నుంచి 153కు పెంచవచ్చని పేర్కొంది. దాన్ని వెంటనే అమలు చేయాలన్న పిటిషన్‌ను 2025 జూలై 25న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ సెక్షన్ 170వ అధికరణానికి లోబడి ఉందని, 2026 తర్వాతి జనగణన లెక్కలు రాకుండా పెంపు కుదరదని తేల్చింది. జనగణనకు 2025 జూన్ 16న నోటిఫికేషన్ వెలువడింది. మన ప్రాంతంలో లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1.

స్థానాలు 225 అయితే ఏమవుతుందో 2011 లెక్కలతోనే ఊహించవచ్చు. నవ్యాంధ్ర జనాభా 4 కోట్ల 95 లక్షలు. ఒక్కో స్థానానికి సగటు 2 లక్షల 20 వేలు. ఉమ్మడి కర్నూలు జిల్లాకు 14 బదులు 18 స్థానాలు రావచ్చు. నంద్యాల పట్టణ జనాభా అప్పటికే రెండు లక్షలు దాటింది. అంటే పట్టణం ఒక్కటే దాదాపు ఒక నియోజకవర్గానికి సరిపోతుంది. కొత్త లెక్కల్లో పట్టణం ఇంకా పెరిగి ఉంటుంది, సగటూ పెరుగుతుంది.

అప్పుడు గోస్పాడు మండలం, నంద్యాల గ్రామీణ ప్రాంతం ఎటు పోతాయన్నదే అసలు ప్రశ్న. శిరివెళ్లతో కలిసి ఆళ్లగడ్డ వైపు వెళ్లవచ్చు. బండి ఆత్మకూరు, మహానంది వంటి పొరుగు మండలాలతో కలిసి కొత్త పల్లె నియోజకవర్గం కావచ్చు. పట్టణం నీడ నుంచి బయటపడి సేద్యం గురించే మాట్లాడే ఎమ్మెల్యే దొరకడం లాభం. పిల్లల చదువు, మార్కెట్ యార్డు, ఆసుపత్రి, కోర్టు అన్నింటికీ నంద్యాలకే రావలసిన ఊళ్లకు అదే పట్టణంపై ఓటు హక్కు లేకపోవడం నష్టం. ఈ రెండింటిలో ఏది ఎక్కువన్నది గోస్పాడువాసులు ఇప్పటినుంచే చర్చించుకోవలసిన విషయం. ఇంతవరకు నాయకుల చర్చ మాత్రం సీటు ఎవరికి, రిజర్వేషన్ ఎక్కడ అనే దగ్గరే ఆగింది.

ఉండేది నంద్యాల, ఓటు ఊళ్లో

లెక్కలను తారుమారు చేసే మరో సంగతి ఉంది. ఉయ్యాలవాడ, దొర్నిపాడు, రుద్రవరం ప్రాంతాల నుంచి పిల్లల చదువుల కోసం నంద్యాలలో ఇల్లు అద్దెకు తీసుకున్న కుటుంబాలు అనేకం. ఓటు మాత్రం ఊళ్లోనే ఉంచుకుంటారు. పోలింగ్ నాడు బస్సులెక్కి వెళ్తారు. ఊరిపై మమకారం, స్థానిక ఎన్నికల పట్టుదల అందుకు కారణం. కానీ జనగణన సిబ్బంది వారిని లెక్కించేది నంద్యాల అద్దె ఇంట్లో. అంటే నంద్యాలకు సీటు బలం ఇచ్చేది వీరి తలలు, ఆళ్లగడ్డలో ఎమ్మెల్యేను నిర్ణయించేది వీరి ఓట్లు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సాధారణంగా నివసించే చోటే ఓటు ఉండాలి. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన సరిపోదు. రెండు చోట్ల పేరుండడం చెల్లదు. నివాసం మారితే ఫారం-8 ద్వారా ఓటు మార్చుకోవచ్చు. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ఆచరణ వేరుగా ఉండడం అందరికీ తెలిసిందే.

వలస కూలీల సంగతి మరింత కీలకం. జిల్లా పశ్చిమ ప్రాంతంలోని కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతాయి. ఆ వలస ముమ్మరంగా ఉండేది సంక్రాంతి దాటిన తర్వాత. 2011లో జనాభాను ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు లెక్కించారు. ఈసారి లెక్కింపు కూడా ఫిబ్రవరిలోనే. లెక్కింపు కాలమంతా ఊళ్లో లేనివారిని వారున్న చోటే లెక్కిస్తారు. తాళం వేసిన ఇళ్లు ఎక్కువైతే ఆ పల్లెల జనాభా తగ్గినట్లు కనిపిస్తుంది. ఆ తగ్గుదల రేపటి సీట్ల విభజనలోకి ఎక్కుతుంది.

పునర్విభజన ముసాయిదాను ప్రచురించాక అభ్యంతరాల స్వీకరణకు గడువిస్తారు, బహిరంగ విచారణలు జరుపుతారు. కమిషన్‌లో రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా ఉన్నా 2002 చట్టం వారికి ఓటు హక్కు ఇవ్వలేదు. తుది ఉత్తర్వు వెలువడ్డాక కోర్టులో ప్రశ్నించే మార్గం దాదాపు మూసుకుపోయినట్లే. మాట్లాడవలసిన సమయం ముసాయిదాకు, తుది ఉత్తర్వుకు మధ్యనున్న ఆ కొద్ది వారాలే. గ్రామసభ తీర్మానమైనా, పది మంది రైతులు సంతకాలు చేసిన అర్జీ అయినా చెల్లుతుంది. ఏ మండలాన్ని ఏ మండలంతో కలపాలి, ఊరి నుంచి నియోజకవర్గ కేంద్రానికి బస్సు ఉందా లేదా, పంట కాలువ ఏ వైపు నుంచి వస్తుంది వంటి వివరాలు అందులో ఉంటే 9వ సెక్షన్ చెప్పిన ప్రజల వీలు అనే మాటకు ఆధారం దొరుకుతుంది.